లెక్కలో చేరని ఆటలు

ఇంగ్లండు దేశమున ఫుట్‌బాల్ క్రీడాకాలము ఆగస్టు మాసమున నారంభమై మరుసటి సంవత్సరము మే మాసమున ముగియును. నడుమనున్న జూన్, జూలై మాసములలో లీగు పోటీ లేదు. పాయింట్ల పట్టిక లేదు. గెలిచినవారికి కప్పు లేదు. అయినను జూలై మాసమున అచ్చటి చిన్న పట్టణములలో సాయంకాలమున రెండు జట్లు ఆడుచుండుటయు, రెండు మూడు వందలమంది కంచె నానుకొని చూచుచుండుటయు సాధారణముగ కానవచ్చు దృశ్యము. ఈ ఆటలను అచ్చటివారు ఫ్రెండ్లీ మ్యాచిలందురు. మనము స్నేహపు ఆటలందము. వీనిలోని గెలుపు ఏ లెక్కలోను చేరదు, ఓటమియు చేరదు. లెక్కలో చేరని ఆట నాడుట యెందులకు? అలసటకా? వేడుకకా? పెద్ద క్లబ్బుల నడిగిన నొక సమాధానము వచ్చును. చిన్న క్లబ్బుల నడిగిన వేరొక సమాధానము వచ్చును. మేమిచ్చట చిన్న క్లబ్బులను గూర్చియే వ్రాయదలచితిమి. ఏలయన, పెద్ద క్లబ్బులకు ఈ ఆటలు ఒక సౌకర్యము. చిన్న క్లబ్బులకు అవి యొక అవసరము.

ముందుగా ఆ దేశపు క్రీడా వ్యవస్థను కొంచెము తెలిసికొనవలెను. అన్నిటికంటె పైన ప్రీమియర్ లీగు గలదు. అందు 20 క్లబ్బులు. దాని క్రింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అను మూడు తరగతులు గలవు. ఒక్కొక్క తరగతిలో 24 క్లబ్బుల చొప్పున మొత్తము 72. వాని క్రింద నేషనల్ లీగు, దాని క్రింద ప్రాంతీయ లీగులు, వాని క్రింద జిల్లాల లీగులు మెట్లు మెట్లుగా దిగిపోవుచుండును. ప్రతి సంవత్సరము పట్టికలో మొదట నిలచినవారు పై మెట్టున కెక్కుదురు. అడుగున నిలచినవారు క్రింది మెట్టునకు దిగుదురు. మన పాఠశాలలో పరీక్ష తప్పినవాడు అదే తరగతిలో మరల కూర్చుండును గాని క్రింది తరగతికి పోడు; అచ్చట పోవలసినదే. నాలుగవ మెట్టునకును అయిదవ మెట్టునకును నడుమ ఇట్టి రాకపోకలు పట్టికలోని స్థానమునుబట్టి జరుగుట 1987 నుండి మాత్రమే యేర్పడినది. అంతకు పూర్వము క్రిందనున్న క్లబ్బు పైకి పోవలెనన్న పైవారి ఓట్లను సంపాదింపవలసియుండెను.

పై మెట్టుననున్న ఆటగాండ్రు ధనవంతులు. ఆరవ, ఏడవ మెట్లలోనివారిలో పెక్కుమంది పగలు వేరొక పని చేసికొని, వారమునకు రెండు మూడు సాయంకాలములు సాధనకు వచ్చువారు. ఇట్టి క్లబ్బునకు వైద్యుల బృందము లేదు. విదేశములందు ఆటగాండ్రను వెదకు గూఢచారులు లేరు. మైదానపు గడ్డిని కోయువాడును, టిక్కెట్లు అమ్మువాడును, టీ కాచువాడును తరచుగ జీతము తీసికొనని అభిమానులే. వీరికి జూలై మాసము విలువ గలది.

ఇచ్చట నొక చరిత్ర చెప్పకతప్పదు. ఒకప్పుడు ఇంగ్లండులో కప్పు పోటీలు తప్ప తక్కినవన్నియు స్నేహపు ఆటలే. క్లబ్బుల కార్యదర్శులు ఉత్తరములు వ్రాసికొని తేదీలు నిర్ణయించుకొనుచుండిరి. కాని కప్పు ఆట యొకటి అడ్డము వచ్చినచో ఎదుటి జట్టు రాకుండెడిది. వచ్చినను కొందరు ఆటగాండ్రు రాకుండెడివారు. టిక్కెట్టు కొనుటకు వచ్చిన జనము తిరిగి పోవుచుండెడిది. ఆటగాండ్రకు జీతము లిచ్చుట 1885లో అంగీకరింపబడిన తరువాత ఈ అనిశ్చితి భరింపరానిదయ్యెను. ఆట జరిగినను జరుగకున్నను జీతము మాత్ర మీయవలెను గదా. ఆస్టన్ విల్లా క్లబ్బునకు చెందిన విలియం మెగ్రెగర్ 1888 మార్చి 2వ తేదీన కొన్ని క్లబ్బులకు లేఖలు వ్రాసి, తప్పక జరిగితీరు ఆటల ప్రణాళిక యొకటి యుండవలెనని సూచించెను. ఆ యేడు సెప్టెంబరు 8వ తేదీన 12 క్లబ్బులతో లీగు ప్రారంభమయ్యెను. అనగా స్నేహపు ఆటలయందలి విసుగునుండియే లీగు పుట్టినదన్నమాట. లీగు వచ్చినను స్నేహపు ఆటలు చావలేదు. అవి వేసవిలోనికి జరిగి వేరొక పని చేపట్టినవి.

ఆ పనులలో మొదటిది శరీరమునకు సంబంధించినది. లీగ్ టూలోని క్లబ్బు ఒక్కొక్కటి సంవత్సరమునకు 46 లీగు మ్యాచిలాడవలెను. కప్పు పోటీలు వేరు. మే మాసమున ఆటలు ముగిసిన పిదప ఆటగాండ్రకు కొన్ని వారముల విశ్రాంతి లభించును. విశ్రాంతి కావలసినదే. గాయములు మానును, మనస్సు తేఱుకొనును. కాని దమ్ము తగ్గును. కొన్ని వారములు కఠినమైన వ్యాయామము మానినచో గుండెయు, ఊపిరితిత్తులును కండరములకు ప్రాణవాయువు నందించు శక్తి క్షీణింప నారంభించునని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన పాఠశాలల జట్లును వేసవి సెలవుల తరువాత నేరుగా పోటీలకు పోయి, మొదటి అర్ధభాగము ముగియకమునుపే పిక్కలు పట్టుకొని గట్టున కూర్చుండుటను మేమనేక పర్యాయములు చూచియున్నాము.

మైదానపు నడుమ నాడువాడు 90 నిమిషములలో సుమారు 10 కిలోమీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తిరుగును. అట్లయిన రోడ్డుపై 10 కిలోమీటర్లు పరుగెత్తిన సరిపోదా యని యడుగవచ్చును. సరిపోదు. రోడ్డుపై పరుగు ఒకే వేగమున సాగును. కాళ్లు ఒకే విధముగ కదలును. ఆటలో నడక, మెల్లని పరుగు, ఒక్కసారిగా గుఱ్ఱపు దౌడు, హఠాత్తుగా ఆగుట, వెనుకకు తిరుగుట, ఎగిరి తలతో బంతిని కొట్టుట, క్రిందపడి లేచుట - ఇవన్నియు ఏ క్షణమున ఏది వచ్చునో తెలియకుండ వచ్చుచుండును. ఆగుటయందును, మలుపు తిరుగుటయందును తొడ వెనుకటి కండరములపైన, గజ్జలపైన పడు భారము వేరు. ఇంతేగాక, సాధనలో ఎదురుగా నున్నవాడు మన తోటివాడు. మనకు దెబ్బ తగులకుండ కాలు వెనుకకు తీసికొనును. స్నేహపు ఆటలో ఎదుటివాడు, పేరునకు స్నేహితుడే గాని, తన జట్టులో స్థానము సంపాదించుకొనవలెనని వచ్చినవాడు, కాలు తీయడు. ఆ భారమునకు శరీరము అలవాటు పడవలెను. ‘మ్యాచి ఫిట్‌నెస్’ అని వారనునది యిదియే. ఇది మ్యాచి ఆడిననే వచ్చును.

కాబట్టి తెలివిగల శిక్షకుడు మొదటి ఆటలో నొక్కొక్కనికి 45 నిమిషములు మాత్రమే ఇచ్చును. మొదటి అర్ధభాగమున నొక పదునొకండుగురు, రెండవ అర్ధభాగమున వేరొక పదునొకండుగురు. తరువాతి ఆటలో 60 నిమిషములు. లీగు ఆరంభమునకు వారము ముందు జరుగు చివరి ఆటలో ముఖ్యమైనవారందరు 90 నిమిషములును నిలువవలెను. ఆట నిబంధనలును దీని కనుకూలముగనే యున్నవి: లీగు మ్యాచిలో మార్చదగిన ఆటగాండ్ర సంఖ్యకు మితి గలదు, స్నేహపు ఆటలో రెండు జట్లును ముందుగా ఒప్పుకొని రెఫరీకి తెలిపినచో ఎక్కువమందిని మార్చుకొనవచ్చును.

రెండవది పరస్పరావగాహన. చిన్న క్లబ్బులలో ఆటగాండ్ర ఒప్పందములు చాలవరకు ఒకటి రెండేండ్లవే. అవి సామాన్యముగ జూన్ 30వ తేదీతో ముగియును. కొందరు వెడలిపోవుదురు, కొందరు క్రొత్తగా వత్తురు. ఒక్క వేసవిలోనే జట్టులో సగముమంది మారిపోవుట వింత గాదు. ఇట్లు చేరినవారికి ఒకరి పేరొకరికి తెలియుటకే వారము పట్టును. ఒకరి కాలి వాటమొకరికి తెలియుటకు నెల పట్టును. గోలుకీపరు ముందుకు వచ్చి బంతి నందుకొనునా, గీతపైనే నిలుచునా? కుడివైపు రక్షకుడు పైకి పోయినప్పుడు అతని ఖాళీని ఎవరు కాచుదురు? ఆఫ్‌సైడు వల పన్నుటకు నలుగురు రక్షకులు ఒక్కసారిగా ముందుకు జరుగవలెను. ఒక్కడు అడుగు వెనుకబడినను వల తెగును. ఇది నల్లబల్లపై సుద్దముక్కతో గీసి చెప్పవచ్చును గాని నేర్పజాలము. నాటకమాడువారు ముందురోజు వేషములు ధరించి, దీపములు వెలిగించి పూర్తిగా నొకసారి ఆడి చూచుకొందురు గదా. పద్యము మరచిన మరచిన దానికి అప్పుడు నవ్వుకొందురు. మరునాడు మరచిన సభవారు నవ్వుదురు. స్నేహపు ఆటలో పడిన గోలునకు విలువ లేదు గనుక, ఆ గోలు ఎట్లు పడెనో నిదానముగ విచారించుటకు తీరిక గలదు.

మూడవది ఆటగాండ్ర ఎంపిక. ఇది చిన్న క్లబ్బులకే ప్రత్యేకమని చెప్పదగినది. పెద్ద క్లబ్బు ఆటగాని కొరకు కోట్లు వెచ్చించుటకు ముందు అతనిని సంవత్సరము పొడవున కనిపెట్టియుండును. చిన్న క్లబ్బునకు ఆ శక్తి లేదు. ఎక్కడనో ఒప్పందము ముగిసి పని లేక యున్నవానిని, పెద్ద క్లబ్బు పెంచి వదలివేసిన పిల్లవానిని పిలిచి, ఒకటి రెండు స్నేహపు ఆటలలో దింపి చూచును. సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచి ఊరకుండడు. కాడి గట్టి నాలుగడుగులు నడిపించి చూచును. ఇదియు నట్టిదే. ఇట్లు పరీక్షకు వచ్చినవానిని ‘ట్రయలిస్ట్’ అందురు. జట్ల జాబితాలో తరచుగ అతని పేరుండదు. ‘ట్రయలిస్ట్ ఎ’, ‘ట్రయలిస్ట్ బి’ అని మాత్రముండును. ఇతర క్లబ్బులు అతనిని తన్నుకొనిపోకుండుటకు ఇది యొక ఉపాయము. వాని కుద్యోగము దొరకకపోయినచో ఆ సంగతి ఊరంతయు తెలియకుండుటకు ఒక మర్యాద కూడను. ప్రేక్షకులు కార్యక్రమపత్రము చేతబట్టుకొని, ఎడమవైపున నాడు ఈ పేరులేనివాడెవ్వడో యని తర్కించుకొనుట జూలై మాసపు వేడుకలలో నొకటి. ఆ పేరులేనివాని మాట వేరు. ఆ తొంబది నిమిషములలో, ఒక్కొక్కప్పుడు నలుబదియైదింటిలోనే, అతని సంవత్సరపు జీతము తేలవలెను. ఇట్టి ఆటను వట్టి స్నేహపు ఆట యని అతనియెదుట ననరాదు.

పరీక్షకు పోయి యుద్యోగము సంపాదించుట యెంత కష్టమో మన దేశపు ఆటగాని చరిత్రవలన కూడ తెలియును. సిక్కిమునకు చెందిన భైచుంగ్ భూటియా 1999లో ఇంగ్లండునకు పోయి, ఫుల్‌హామ్, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్, ఆస్టన్ విల్లా క్లబ్బుల యొద్ద పరీక్షకు నిలిచెను. ఎచ్చటను చోటు దొరకలేదు. తుదకు అప్పటి మూడవ మెట్టున నున్న బరీ క్లబ్బు అతనిని తీసికొనెను. పెద్ద తలుపులు మూసికొన్నప్పుడు చిన్న క్లబ్బు తలుపు తెరచినది. ఆ బరీ క్లబ్బు 1900లోను, 1903లోను ఎఫ్.ఎ. కప్పు గెలిచినట్టిది, 1894 నుండి లీగులో నున్నట్టిది, ధనాభావముచేత 2019 ఆగస్టున లీగునుండి బహిష్కరింపబడినది.

ధనము మాట వచ్చినది గనుక ఆ విషయమును చెప్పి ముందుకు పోదము. వేసవిలో చిన్న క్లబ్బునకు టిక్కెట్ల రాబడి నిలిచిపోవును, ఖర్చులు నిలువవు. మైదానమున గడ్డి వేయవలెను, కప్పు కారిన బాగు చేయవలెను, ఒప్పందము గలవారికి జీతములీయవలెను. ఇట్టి సమయమున పొరుగున నున్న పెద్ద క్లబ్బు స్నేహపు ఆటకు వచ్చినచో, ఆ సాయంకాలపు రాబడి పెక్కు మామూలు ఆటల రాబడికి సమానము కావచ్చును. టిక్కెట్టు సొమ్మునకు తోడు టీ, మాంసపు పిండివంట, కార్యక్రమపత్రము అమ్మిన సొమ్ము. పెద్ద క్లబ్బులు తమ ప్రధాన ఆటగాండ్రను పంపక కుర్రవాండ్ర జట్టును పంపుటయు గలదు. అది తెలిసి పేరుగలవారిని చూడవచ్చిన పిల్లలు నిరాశ చెందుదురు. శిక్షకుడు మాత్రము సంతసించును. ఆ కుర్రవాండ్రలో నొక చురుకైనవానిని చూచిపెట్టుకొని, తరువాత అతనిని ఎరువుగా అడిగి తెచ్చుకొనవచ్చును. ఎరువు సొమ్ములవలె ఎరువు ఆటగాండ్రును ఆ దేశమున గలరు. చిన్న క్లబ్బుల జట్లు చాలవరకు వారితోనే నిండుచుండును.

క్రీడాకాలమునకు ముందే బహుమానముతో కూడిన పోటీ పెట్టి చూచినవారును గలరు. 1970 నుండి 1973 వరకు వాట్నీ కప్పు అను పేరుతో నాలుగు తరగతుల నుండియు, ముందు సంవత్సరము ఎక్కువ గోల్సు చేసిన క్లబ్బులను రెండేసి చొప్పున ఏరి ఆడించిరి. ఇంగ్లండు క్లబ్బుల పోటీలలో పెనాల్టీ తన్నులతో ఫలితము తేల్చుట మొట్టమొదట 1970 ఆగస్టులో ఈ పోటీయందే, హల్ సిటీకిని మాంచెస్టర్ యునైటెడ్‌కును జరిగిన ఆటలో సంభవించెను. 1971లో నాలుగవ తరగతిలోని కోల్చెస్టర్ యునైటెడ్, మొదటి తరగతిలోని వెస్ట్ బ్రామ్‌విచ్‌తో 4-4గా సమానముగ నిలిచి, పెనాల్టీ తన్నులలో గెలిచి కప్పు నెత్తుకొనిపోయెను. వేడుకైన పోటీయే, కాని బహుమానము పెట్టగానే ఓటమికి వెల వచ్చును, శిక్షకుడు ప్రయోగములు మానివేయును. అందుచే సాధన కొరకు ఆడు ఆటకు బహుమాన ముండకుండుటయే మేలని మా యభిప్రాయము.

ఈ ఆటలవలన హాని లేదా? ఉన్నది. లెక్కలో చేరని ఆటలో మోకాలు విరిగినచో, ఆ మోకాలు లెక్కలో చేరు ఆటలకు కూడ లేకుండ పోవును. వేసవి యెండలో గట్టిపడిన నేలపై ఈ భయము మరింత యెక్కువ. అంతకంటె పెద్ద హాని, ఫలితమును చూచి మోసపోవుట. తమకంటె మూడు మెట్లు క్రిందనున్న జట్టును ఎనిమిది గోల్సుతో ఓడించి మురిసిపోవుట వాపును చూచి బలుపనుకొనుట వంటిది. అట్లే, తమకు మిక్కిలి పైనున్న జట్టుతో ఆడినచో బంతి తమ కాలికే దొరకదు. రాబడి వచ్చును గాని నేర్చుకొనుటకేమియు మిగులదు. అందుచే ఎదుటివారి నెంచుకొనుటలోనే సగము తెలివి యున్నది: మొదట బంతిని తాకుటకు తీరిక నిచ్చు బలహీనులు, తరువాత తప్పులను బయటపెట్టు బలవంతులు, చివరకు తమతో సమానులు. పెద్ద క్లబ్బులు వేసవిలో ఖండాంతరములకు విమానములలో పోయి ఆడు ఆటలు మా లెక్కలో వర్తకమే గాని సాధన కాదు. సాధన యెచ్చట జరుగుచున్నదో చూడదలచినవారు చిన్న మైదానమునకే పోవలెను.

అసలు ఈ ఆటలు లేకపోయిన నేమగునో 2019లో బోల్టన్ వాండరర్స్ క్లబ్బు చరిత్ర తెలుపుచున్నది. 1888లో లీగును స్థాపించిన 12 క్లబ్బులలో బోల్టన్ యొకటి. ఆ వేసవికి అది అప్పులలో మునిగి మూడవ మెట్టునకు దిగియుండెను. ఆటగాండ్రకు జీతములు ముట్టలేదు. జూలైలో నిర్ణయించుకొన్న స్నేహపు ఆటలు రద్దయ్యెను. దివాలా చర్యలవలన 12 పాయింట్ల లోటుతో లీగు నారంభింపవలసివచ్చెను. చేతిలో ముగ్గురు నలుగురు పెద్ద ఆటగాండ్రు మాత్రమే యుండగా, క్లబ్బు పాఠశాలలో పెరుగుచున్న కుర్రవాండ్రను దింపిరి. స్వంత మైదానమున కావెంట్రీతో జరిగిన ఆటలో ఆ బాలురు 0-0గా నిలిచిరి, చూచినవారందరు మెచ్చుకొనిరి. కాని తరువాత ఆ నెలలోనే లీగులో వరుసగా మూడు ఆటలు అయిదేసి గోల్సుతో ఓడిపోయిరి. ఉత్సాహము ఒక సాయంకాలము మోసినది. జూలైలో కూడబెట్టుకొనవలసిన దమ్ము లేనందున ఆగస్టు మోయలేకపోయినది. నడుమ నొక ఆటను, ఆ పిల్లల ఆరోగ్యము చెడునను భయముచేత క్లబ్బే వాయిదా వేయించుకొనెను. ఆ సంవత్సరము బోల్టన్ నాలుగవ మెట్టునకు దిగిపోయెను. స్నేహపు ఆటలు లేకపోవుట యొక్కటియే దీనికి కారణమని మేమనము. జీతములు లేవు, ఆటగాండ్రు లేరు. అయినను సాధన లేని జట్టును లీగులో దింపినచో నేమగునో తేటగా కనబడినది.

ఇక తుదిగా, మా మనస్సున కన్నిటికంటె హత్తుకొన్న స్నేహపు ఆట నొకదానిని గూర్చి చెప్పెదము. లండనునకు నైరృతి దిక్కున వింబుల్డన్ అను పేట గలదు. టెన్నిసు పోటీలవలన ఆ పేరు లోకమంతట తెలియును. అచ్చటి ఫుట్‌బాల్ క్లబ్బు 1889లో పుట్టి, చాలకాలము చిన్న లీగులలో మెలగి, 1977లో లీగులోనికి ఎన్నికై, 1986 నాటికి మొదటి తరగతి కెక్కి, 1988లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించి ఎఫ్.ఎ. కప్పు గెలిచెను. 1991లో తన ప్లౌ లేన్ మైదానమును వదలి, క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు మైదానమున అద్దెకు చేరెను. తుదకు యజమానులు క్లబ్బును మిల్టన్ కీన్స్ అను, సుమారు 90 కిలోమీటర్ల దూరముననున్న పట్టణమునకు తరలింప సంకల్పించిరి. అభిమానులు మొరపెట్టుకొనిరి. 2002 మే 28వ తేదీన ముగ్గురు సభ్యుల సంఘము ఇద్దరి మాటపై ఆ తరలింపునకు అనుమతి నిచ్చెను.

ఊరి క్లబ్బు ఊరు విడిచిపోవుట యనగా నేమో మనవంటి వారికి వివరింపనక్కరలేదు. తాతయు, తండ్రియు, కుమారుడును ఒకే కంచె యొద్ద నిలిచి చూచిన ఆట అది. ఆ అభిమానులు కొలది దినములలోనే సభ జరిపి, తామే క్రొత్త క్లబ్బు పెట్టుకొందుమని నిశ్చయించి, దానికి ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అని పేరు పెట్టిరి. పేరున్నది, ఆటగాండ్రు లేరు. జూన్ 29వ తేదీన వింబుల్డన్ కామన్ అను బహిరంగ మైదానమున పరీక్ష జరుపుదుము, ఒప్పందము లేనివారెవరైనను రావచ్చునని ప్రకటించిరి. 230 మంది వచ్చిరి. వారినుండి ఏరిన జట్టు పదునొకండు దినములు గడవగానే, 2002 జూలై 10వ తేదీన, పొరుగుననున్న సట్టన్ యునైటెడ్ మైదానమున తన మొదటి ఆట నాడెను. అది స్నేహపు ఆట.

సట్టన్ సామాన్యమైన జట్టు గాదు. చిన్న లీగులోనిదే యైనను 1989లో, కప్పు నంతకు రెండేండ్లక్రితమే గెలిచిన కావెంట్రీ సిటీని 2-1తో ఓడించిన ఘనత దానికి గలదు. కలిసి పట్టుమని పది దినములైన సాధన చేయని క్రొత్తవారు దానియెదుట నేమి నిలుతురు? ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ 4-0తో ఓడిపోయెను. మఱునాటి పత్రికలో ఫలితము మాత్రమే చదివినవాడు, ఈ క్లబ్బు పుట్టుటయే తప్పని తలపోసియుండును.

కాని ఆ సాయంకాలము టిక్కెట్టు కొని లోపలికి వచ్చినవారు 4,657 మంది. కొన్ని వందలమందికి మాత్రమే అలవాటుపడిన మైదానమున, లెక్కలో చేరని ఆటకు, నిన్న మొన్న పుట్టిన జట్టును చూచుటకు! క్లబ్బు పోయినదని తీర్పు చెప్పినవారికి, పోలేదని ఈ అంకె సమాధానము చెప్పినది. లీగు ఆట వరకు ఆగియున్నచో ఈ సంగతి ఆగస్టు 17వ తేదీ వరకు ఎవరికిని తెలిసియుండెడిది కాదు. మైదానము అద్దెకిచ్చువారికిని, చొక్కాలపై ప్రకటన వేయించు వర్తకులకును, తమలోనికి చేర్చుకొన్న లీగు వారికిని, అన్నిటికంటె ముఖ్యముగ ఆ అభిమానులకే, తామెంతమందిమో జూలైలోనే తెలిసినది. శిక్షకునకు వేరొక సంగతి తెలిసినది: కామన్ మైదానమున మెఱసిన వారందరును గట్టి జట్టు నెదుట నిలువజాలరని. నాలుగు గోల్సు పడినను పట్టికలో నొక్క పాయింటును పోలేదు. దిద్దుకొనుటకు అయిదు వారములకు పైగా మిగిలియుండెను.

ఆగస్టు 17వ తేదీన తొమ్మిదవ మెట్టుననున్న కంబైన్డ్ కౌంటీస్ లీగులో, శాండ్‌హర్స్ట్ టౌన్ మైదానమున ఆడిన తొలి లీగు ఆటను 2-1తో గెలిచిరి. మొదటి సంవత్సరము మూడవ స్థానము. రెండవ సంవత్సరము, 2003-04లో, 46 ఆటలలో 42 గెలిచి, 4 సమానము చేసికొని, ఒక్కటియు ఓడక ప్రథములైరి. 2003 ఫిబ్రవరి నుండి 2004 డిసెంబరు వరకు లీగులో వరుసగా 78 ఆటలు ఓటమి యెరుగకుండిరి. తొమ్మిది క్రీడాకాలములలో అయిదు మెట్లెక్కి, 2011లో మాంచెస్టరులో లూటన్ టౌన్‌ను పెనాల్టీ తన్నులతో ఓడించి లీగులో ప్రవేశించిరి. 2020 నవంబరులో తమ పేటకు, ప్లౌ లేన్ వీథిలోనే నిర్మించుకొన్న క్రొత్త మైదానమునకు తిరిగి వచ్చిరి.

సట్టన్ యునైటెడ్ కూడ 2021లో లీగ్ టూ కెక్కెను. మూడేండ్లుండి 2024లో దిగిపోయెను. 2022లో ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ లీగ్ వన్ నుండి దిగి అదే తరగతికి వచ్చెను. ఆ విధముగ 2002 జూలైలో ఒక సాయంకాలము స్నేహమునకు ఆడిన ఆ రెండు క్లబ్బులును, ఇరువది యేండ్ల తరువాత, 2022-23లో ఒకే పట్టికలో నిలిచి పాయింట్ల కొరకు తలపడినవి.